నిలబడి వాయించలేని బేండు

మా మావయ్యకి కోరికలేవీ పెద్దగా లేవు. కారు అక్కర్లేదు, ఇంటిమీద ఇంకో అంతస్తు అక్కర్లేదు. మా అత్త ఒక్కసారి, ఒకే ఒక్కసారి, కుర్చీలో కూర్చుని ఆయన వాయింపు మొదట్నుంచీ చివరిదాకా వినాలి. అంతే. ఇదేమంత పెద్ద కోరికని మీరనొచ్చు. మా అత్తని మీరెరగరు కాబట్టి అంటారు.

మావయ్య అంటే మా అమ్మకి తమ్ముడు. రాజాం దగ్గర మా ఊళ్ళో పెళ్ళిళ్ళ బేండు మేళం ఆయనదే. క్లారినెట్ వాయిస్తాడు, శాక్సఫోన్ వాయిస్తాడు, కోపం వస్తే రెండూ పక్కన పెట్టి నోటితో కూడా వాయిస్తాడు. చుట్టుపక్కల ఎన్ని జంటలు ఆయన వెనక ఊరేగాయో లెక్కలేదు. అలాంటి మనిషి వాయింపుని కట్టుకున్న పెళ్ళాం వినదు. ఆయన పెరటి షెడ్డులో క్లారినెట్ నోట పెట్టగానే వంటింట్లో గ్రైండరు మొదలవుతుంది. పిండి లేకపోయినా తిరుగుతుంది. మా చిన్నప్పుడు నేను అనుకునేదాన్ని, క్లారినెట్టుకీ గ్రైండరుకీ స్విచ్చి ఒకటేనేమో అని.

దీనికంతటికీ కారణం వాళ్ళ పెళ్ళి. అది చెప్పకపోతే తర్వాతది ఏదీ అర్థం కాదు.

పెళ్ళి అయిపోయింది. కొత్త కోడలిని ఇంటికి తీసుకొస్తున్నారు. పూలు కట్టిన ఓపెన్ టాప్ జీపు, అందులో మావయ్య, అత్త. ముందు బేండు. పెళ్ళికొడుకు బేండు వాడే కాబట్టి తన పెళ్ళికి తను వాయించుకోలేడు కదా, అవతల ఊరి బేండుని పెట్టారు. ఆ క్లారినెట్ వాయించేవాడు తప్పుమీద తప్పు. మావయ్య పళ్ళు నూరాడు, దండ నలిపాడు, తలపాగా తీసి సీట్లో పెట్టాడు. ఆఖరికి అత్తతో "ఒక్క నిమిషం, ఇప్పుడే వస్తాను" అని జీపు దిగి, ఆ క్లారినెట్ లాక్కుని మొదలెట్టాడు.

మావయ్య వాయిస్తే జనం ఆగుతారా? లైట్లు మోసేవాళ్ళు ఆయన వెనకే, చుట్టాలు వాళ్ళ వెనకే, జీపు డ్రైవరు కూడా బండి ఆపేసి డాన్సు చేసుకుంటూ వాళ్ళ వెనకే. ఊళ్ళో మూడు వీధులు తిరిగి బ్రహ్మాండంగా ఇంటికొచ్చారు. గుమ్మంలో మా అమ్మ హారతి పళ్ళెం పట్టుకుని దారికి అడ్డంగా నిలబడింది. ఆడపడుచు కదా, పేర్లు చెప్పందే లోపలికి రానివ్వదు. "మీ ఆవిడి పేరు సెప్పరా" అంది. మావయ్య సిగ్గుపడుతూ పక్కకి తిరిగాడు. పక్కన తన మేళంలోనే పెద్ద బాకా వాయించే ఆయన నిలబడి ఉన్నాడు.

"పెల్లికూతురేదిరా?" అంది మా అమ్మ.

అత్త రైసు మిల్లు మలుపులో చీకట్లో జీపులో ఒక్కర్తీ కూర్చుని ఉంది. ఒళ్ళో మావయ్య తలపాగా. ఒక మేక జీపుకి కట్టిన పూలు తింటోంది. మనుషులు పరిగెత్తుకు వెళ్ళేసరికి ఆవిడే దిగి, తలపాగా చేత్తో పట్టుకుని నడుచుకుంటూ వస్తోంది. గుమ్మంలో మొగుడి పేరు అడిగితే చెప్పింది, కానీ ఎలా చెప్పిందంటే హారతి కర్పూరం ఆరిపోయిందని మా అమ్మ ఇప్పటికీ అంటుంది. లోపలికి అడుగుపెట్టి అత్త అన్న మొదటి మాట ఇది: "నువ్వు వాయించిన కాడికి నాను సచ్చినా రాను."

రాలేదు.

అన్నట్టు మా అత్తామావయ్యలు పోట్లాడుకునే జంట కాదు. ఆయనకి ఇష్టమని ఎండు చేపల పులుసు వారానికి రెండుసార్లు వండుతుంది. ఆయన జ్వరంతో పడుకుంటే రాత్రంతా తడిగుడ్డ మారుస్తుంది. వాయింపు ఊసెత్తితే మాత్రం మొహం గోడవైపు తిరుగుతుంది. అంత మంచి మనిషిలో అంత మొండితనం ఎక్కడ పెట్టుకుందో నాకు తెలీదు.

ఇక నా సంగతి. నేను రాజాంలో ఒక కాలేజీలో ఫిజిక్స్ చెప్తాను. సాయంత్రాలు కీబోర్డు వాయిస్తాను. నాకు పెళ్ళి కాలేదు, కోపం ఎక్కువ, ఈ రెండిటికీ సంబంధం ఉందని ఊళ్ళో అంటారు, అననివ్వండి. నేను హాస్టల్లో ఉండి చదువుకునే రోజుల్లో ఒక రకం సంగీతానికి పిచ్చెక్కిపోయాను. జాజ్ ఫంక్ అంటారు. పాట ఉండదు, మాటలు ఉండవు. కింద బాకాలు, డ్రమ్ములు ఒకటే పట్టు పట్టి వదలవు, పైన శాక్సఫోన్ ఇష్టమొచ్చిన చోటికి వెళ్ళి తిరిగొస్తుంది. వింటే మెడ దానంతట అది ఊగుతుంది, మనం ఆపాలన్నా ఆగదు.

డీజే బాక్సులు వచ్చాక మావయ్య మేళానికి పిలుపులు పోయాయి. పెళ్ళిళ్ళన్నీ ఆ బాక్సులే, గుండెలదిరే మోత. మేళం వాళ్ళ ఎర్ర కోట్లు ట్రంకు పెట్టెలోకి వెళ్ళిపోయాయి. మావయ్య రోజూ శాక్సఫోన్ తీసి, తుడిచి, మళ్ళీ పెట్టెలో పెట్టేసేవాడు. ఒకరోజు నా ఇయర్ ఫోన్లు ఆయన చెవుల్లో పెట్టాను. కళ్ళు మూసుకుని విన్నాడు. మెడ ఊగింది. కళ్ళు తెరిచి అన్నాడు:

"ఇదేటే, ఊరేగింపులో జెనరేటరు ఆగిపోతే మనోలు సీకట్లో వాయించే వాయింపే కదా ఇది!"

"అదే మావయ్యా."

"దీనికి ఓ పేరు కూడా ఉన్నాదేటి? మనం ఇన్నాళ్ళూ ఊరికే వాయించీసినాం."

అలా మొదలైంది. ఎర్ర కోట్లు మళ్ళీ బయటికొచ్చాయి. మావయ్య శాక్సఫోన్. ట్రంపెట్ వాయించే ఆయన పగలు ఆటో తోలుతాడు. పెద్ద బాకా ఆయన, అదే పెళ్ళినాడు గుమ్మంలో నిలబడ్డ ఆయన, పొద్దున్న చేపల వ్యాపారం. పెద్ద డ్రమ్ము తాతకి వేరే పనేదీ లేదు, ఆ డ్రమ్ము మోయడమే ఒక పని. వీళ్ళ మధ్యలో నేను, నా కీబోర్డు. డ్రమ్ము మీద రాసిన మేళం పేరు ఎప్పుడో అరిగిపోయింది. కొత్త పేరు ఏం పెట్టాలో తేలక గొడవపడి వదిలేశాం.

షెడ్డు మధ్యలో స్టూలు మీద నేను కీబోర్డు పెట్టుకుని కూర్చునేదాన్ని. వాళ్ళు నలుగురూ నా చుట్టూ తిరుగుతూ వాయించేవాళ్ళు. గానుగ చుట్టూ ఎద్దుల్లా ఒకటే తిరగడం. ఉత్సాహం కొద్దీ తిరుగుతున్నారనుకున్నాను. నా బుద్ధి గడ్డి తింది. రోజూ కళ్ళముందు జరుగుతున్నదాన్ని నేను ఒక్కసారీ పట్టించుకోలేదు.

మా కాలేజీ వార్షికోత్సవంలో మొదటి ప్రోగ్రాం. నేనే ప్రిన్సిపాల్ గారి కాళ్ళా వేళ్ళా పడి ఒప్పించాను. స్టేజీ ఎక్కాం. తెర తీశారు. మావయ్య తల ఊపాడు. మొదలెట్టాం.

ఓలమ్మో! అంత దరిద్రపు వాయింపు నేను పుట్టి ఎరగను. డ్రమ్ము ఒకచోట పడుతుంది, బాకా ఇంకోచోట మూలుగుతుంది. ట్రంపెట్ ఆయనకి ఊపిరి అందటం లేదు. మావయ్య శాక్సఫోన్ పిల్లి అరిచినట్టు అరిచింది. పిల్లలు ఈలలు. ముందు వరసలో ముఖ్య అతిథి గారు వాచీ చూసుకుంటున్నారు. నాకు భూమి చీలితే బాగుండుననిపించింది.

అప్పుడు డ్రమ్ము తాత ఒక అడుగు వేశాడు.

ఆ అడుగుతో డ్రమ్ము సరిగ్గా పడింది. రెండో అడుగుతో బాకా దానికి అతుక్కుంది. అప్పుడు వెలిగింది నా బుర్రలో. వీళ్ళు పుట్టిన దగ్గర్నుంచీ ఊరేగింపుల్లోనే వాయించారు. తాత ఎడమ కాలు పడితేనే చెయ్యి లేస్తుంది. ట్రంపెట్ ఆయన కుడి కాలుతో ఊపిరి తీసుకుంటాడు. కాళ్ళు ఆగితే వీళ్ళ వాయింపు ఆగిపోతుంది. నడకే వీళ్ళ తాళం.

స్టేజీ ఎంత ఉంటుందని? పది అడుగులు వేసేసరికి చివరికొచ్చారు. మెట్లు దిగారు. అబ్బ, ఎంత బాగా వాయించారనుకున్నారు! మధ్యలో దారంట నడుచుకుంటూ, శాక్సఫోన్ ఎగిరెగిరి పడుతుంటే, తలుపులోంచి బయటికి వెళ్ళిపోయారు. పిల్లలు లేచి వాళ్ళ వెనక. లెక్చరర్లు పిల్లల్ని ఆపడానికి వాళ్ళ వెనక, నాలుగడుగులు వేశాక వాళ్ళ భుజాలూ ఊగుతున్నాయి. ప్రిన్సిపాల్ గారు. ముఖ్య అతిథి గారు, మెడలో దండతో సహా.

నా కీబోర్డుకి కరెంటు వైరు ఉంది. ఆ వైరు గోడకి ఉంది. నేను స్టేజీ మీదే ఉన్నాను.

ఖాళీ కుర్చీలకి కాసేపు వాయించాను. దూరంగా గ్రౌండులోంచి కేకలు, చప్పట్లు వినిపిస్తున్నాయి. వాచ్‌మన్ వచ్చాడు. నన్ను చూశాడు. పైకి చూశాడు.

"మేడమ్, ఫేన్లు ఆపీమంటారా?"

ఒళ్ళు మండిపోయింది. ఆ రోజు మావయ్యని పట్టుకుని దులిపేశాను. "ఒక్క మనిషిని స్టేజీ మీద వదిలేసి ఎలా పోయారు, మీకు వెనక్కి చూసే అలవాటు లేదా?" అన్నాను. ఆయన తల గోక్కుని "వాయించినప్పుడు ఎనక్కి ఎవులు సూస్తారే" అన్నాడు. వంటింట్లో అత్త గ్రైండరు ఆపి, నా వైపు చూసి, మళ్ళీ వేసింది.

పిల్లలు తీసిన వీడియోలు ఊరంతా పాకాయి. నడిచే బేండు, నడక బేండు అని జనమే పేరు పెట్టేశారు. మేము ఇంకో కాలేజీకి వెళ్ళాం, అక్కడా హాలు ఖాళీ చేసి బయటికి తీసుకుపోయాం. డీజే బాక్సులు పెట్టుకున్న కుర్రాళ్ళే బాక్సులు ఆపి మా వెనక వచ్చేవారు. ముసలివాళ్ళు తమ పెళ్ళిళ్ళు గుర్తొచ్చాయనేవారు, కుర్రాళ్ళు ఇదేదో ఫారిన్ మ్యూజిక్ అనేవారు. ఎవరికి కావలసింది వాళ్ళకి వినిపించేది. గ్రామదేవత పండగల్లో అమ్మవారి ఘటాల వెనక జాజ్ ఫంక్ వాయించాం. ఘటం ఎత్తుకున్న ఆడవాళ్ళు అసలు తడబడలేదు, మాకంటే తాళంలో ఉన్నారు.

నాకోసం ఒక తోపుడు బండి సంపాదించారు. అంతకుముందు దాని మీద ఉల్లిపాయ పకోడీలు అమ్మేవారు. బండి కింద ఇన్వర్టర్ బ్యాటరీ, పైన కీబోర్డు, వెనక తొయ్యడానికి ఆటో ఆయన బావమరిది. ఆ బండికి పకోడీల వాసన ఎంత కడిగినా పోలేదు. ఎక్కడికెళ్ళినా కుక్కలు నా వెనకే. అందరికీ అభిమానులు మనుషులు, నాకు కుక్కలు.

మమ్మల్ని నిజంగా పైకి లేపింది పాతపట్నం. అక్కడ ఒక పండగకి పిలిచారు. సాయంత్రం బజారులో మొదలెట్టాం. జనం బాగా పోగయ్యారు. మావయ్య మంచి ఊపులో ఉన్నాడు, కళ్ళు మూసుకుని వాయిస్తున్నాడు, కళ్ళు మూసుకున్నవాడి వెనక మేమందరం. వీధి అయిపోయింది, ఊరు అయిపోయింది. వాయింపు అయిపోలేదు. కాసేపటికి దుకాణాల బోర్డుల మీద అక్షరాలు మనవాటికంటే గుండ్రంగా కనిపించడం మొదలెట్టాయి.

"మావయ్యా, బోర్డులు ఒరియాలో ఉన్నాయి!" అని అరిచాను. వినలేదు. చెక్‌పోస్టు వచ్చింది. అడ్డంగా గేటు. అక్కడున్నాయన లాఠీ పట్టుకుని వచ్చి మమ్మల్ని చూసి, నా పకోడీల బండిని చూసి "ఏటి లోడు?" అన్నాడు. బాకా ఆయన బాకా తియ్యకుండానే గట్టిగా ఒక్క ఊదు ఊదాడు. గేటు దగ్గరాయన భుజం ఊగింది. మెడ ఊగింది. లాఠీతో గేటు కొయ్య మీద తాళం వేస్తూ గేటు పైకెత్తేశాడు. అవతల నుంచి జనం "ఆస! ఆస!" అని చేతులూపి పిలుస్తున్నారు. రండి రండి అని. వాయించుకుంటూ ఒరిస్సాలోకి వెళ్ళిపోయాం. తిరిగి రావడానికి లారీ మాట్లాడాల్సి వచ్చింది.

ఆ గేటు పైకెత్తిన వీడియో ఎక్కడెక్కడికో పోయింది. అటు ఒరియా వాళ్ళు మావాళ్ళన్నారు, ఇటు మనవాళ్ళు మావాళ్ళన్నారు. టీ కొట్టు దగ్గర ముక్కూ మొహం తెలీని వాళ్ళు మావయ్యకి కుర్చీ వేసేవారు.

ఇంట్లో మాత్రం గ్రైండరు తిరుగుతూనే ఉంది.

తర్వాత విజయనగరం నుంచి పిలుపు వచ్చింది. పెద్ద ఆడిటోరియం, టీవీలో వేస్తారట. ఆ మాట విని అత్త పెరట్లో బట్టలు ఆరేస్తూ, ఎవరితోనో కాదు, తీగతో అన్నట్టు అంది:

"పాలమ్మి అడుగుతాది, మీ ఆయన ఏటి వాయిస్తాడమ్మా అని. కూరగాయలోడు అడుగుతాడు. ఊరంతా ఇన్నాది, ఒరిస్సా ఇన్నాది. నానొక్కర్తినే ఇన్లేదు. ఇజీనగరం వస్తాను."

మావయ్య చేతిలో గ్లాసు జారిపోయింది.

"గానీ ఒక్క మాట" అంది అత్త. "నన్ను కుర్సీలో కూకోబెట్టీసి నువ్వు జనాన్ని ఏసుకుని ఎల్లిపోనావంటే, ఆ గొట్టాం మల్ల ఇంట్లోకి రాదు. నాను మల్ల రాను. ఇంక ఆ ఊసే వద్దు."

మావయ్య శాక్సఫోన్ మీద చెయ్యి వేసి ఒట్టేశాడు. కదలను, స్టేజీ దిగను అని. టీవీ వాళ్ళదీ అదే షరతు, కెమెరాలు కదలవు కాబట్టి మనుషులు కదలకూడదు. పకోడీల బండి లోపలికి రానివ్వరు. అంటే నిలబడి వాయించాలి. నిలబడితే ఏమవుతుందో మా కాలేజీ గోడల్ని అడగండి.

నిలబడటం ప్రాక్టీసు చేశాం. ఇలాంటి ప్రాక్టీసు ప్రపంచంలో ఎవరైనా చేశారా? షెడ్డు నేల మీద ముగ్గుపిండితో ఒక్కొక్కరికీ ఒక్కో గుండ్రం గీశాను. తాత నాలుగు దరువులకి గుండ్రం దాటేశాడు. తాత ఎడమకాలు మంచానికి కట్టాం. మంచంతో సహా నడిచాడు. ట్రంపెట్ ఆయన్ని ఇసుక బస్తాల మధ్య నిలబెట్టాం, ఊపిరాడక కూర్చుండిపోయాడు. నేను బోర్డు మీద బొమ్మ గీసి, కదలని వస్తువు కదలకుండానే ఉండాలనుకుంటుందని ఫిజిక్స్ చెప్పాను. బాకా ఆయన శ్రద్ధగా విని "మరి కదిలే వస్తువో?" అన్నాడు. అదీ కదులుతూనే ఉండాలనుకుంటుందని చెప్పాల్సొచ్చింది. "అదే మేమూ సెప్తన్నాం" అన్నాడు.

మావయ్య ఒక్కడే నవ్వలేదు. ఆ వారం రోజులూ ఆయన మొహం చూస్తే నాకు ఏడుపొచ్చేది. నడిస్తే అత్త పోతుంది, నిలబడితే వాయింపు పోతుంది. అన్నం దగ్గర కూడా తన కాళ్ళవైపే చూసుకుంటూ కూర్చునేవాడు.

విజయనగరం. హాలు నిండా జనం. ముందు వరసలో సోఫాలు. అత్తని సోఫాలో కూర్చోమంటే "ఇందులో కూకుంటే మల్ల లేవలేను" అని ప్లాస్టిక్ కుర్చీ తెప్పించుకుంది. ఒళ్ళో చెగోడీల సంచి. పట్టు చీర, మొహం పరీక్ష పేపరు దిద్దేవాళ్ళ మొహంలా ఉంది. మావయ్య ఆమె వైపు ఒకసారి చూసి, రెండు కాళ్ళూ స్టేజీకి మేకులు కొట్టినట్టు పెట్టాడు.

మొదలెట్టాం.

మీకు ముందే చెప్పాను కదా. అదే జరిగింది. తాత ఎడమకాలు గాల్లో వణుకుతోంది, కింద పెట్టటానికి భయం. బాకా ఆయన కళ్ళు తేలేశాడు. మావయ్య చెమటలు కారిపోతూ, కళ్ళు అత్త మీంచి తియ్యకుండా, ఒక్కొక్క స్వరం పళ్ళు పీకించుకుంటున్నట్టు వాయిస్తున్నాడు. జనం మర్యాదస్తులు, ఈలలు వెయ్యలేదు, ఫోన్లు చూసుకున్నారు. ఇన్నేళ్ళకి వినడానికి వచ్చిన మనిషికి వినిపిస్తున్నది ఇదా!

అత్త లేచింది.

వెళ్ళిపోతోందనుకున్నాను. మావయ్య కూడా అలాగే అనుకున్నాడు, శాక్సఫోన్ నోట్లోంచి జారింది. వాయింపు ఆగిపోయింది. అత్త సరాసరి స్టేజీ దగ్గరికి వచ్చి, కెమెరాకి అడ్డంగా నిలబడి, హాలంతా వినబడేలా అంది:

"ఏటిది? శవం కాడ వాయించినట్టు వాయిస్తన్నావు. షెడ్డులో ఇలగే వాయిస్తావేటి? ఆ రెండో మలుపు కాడ ఎగిరి పైకెల్లి, అక్కడ్నుంచి జారుతావు కదా. అదేదీ?"

ఇన్నాళ్ళూ గ్రైండరు మోతలోంచి ఈవిడ మొత్తం విన్నదన్నమాట.

"నడిస్తేనే వస్తాది అది" అన్నాడు మావయ్య, చిన్న పిల్లాడిలా. "నడిస్తే నువ్వు... కుర్సీలో ఒక్కర్తివీ..."

"కుర్సీకి కాల్లున్నాయి. నాకూ కాల్లున్నాయి. నడు!"

వెనక్కి వెళ్ళి ప్లాస్టిక్ కుర్చీ చంకలో పెట్టుకుని ముందు నిలబడింది. తాత ఎడమకాలు దిగింది. ధన్‌మని డ్రమ్ము పడింది. నా తల్లే, ఆ దెబ్బ! వాళ్ళు మెట్లు దిగారు, అత్త చెయ్యి ఊపుకుంటూ ముందు, మావయ్య రెండో మలుపులో ఎగిరి పైకెళ్ళి అక్కడ్నుంచి జారుతూ వెనక, హాలంతా వాళ్ళ వెనక. కెమెరావాళ్ళు వైర్లు పీక్కుని పరిగెత్తారు.

నా వైరు గోడకి ఉంది.

మళ్ళీ! మళ్ళీ నేనే! ఆ బండి రానివ్వం అన్నప్పుడే నేను నోరు చేసుకోవాల్సింది. ఖాళీ హాల్లో కూర్చుని అవే రెండు పట్లు పట్టుకుని వాయిస్తున్నాను, ఆపితే ఏడుస్తానేమోనని. హాలు మనిషొకాయన పక్క తలుపులోంచి తల పెట్టాడు.

"మేడమ్, ఏసీ ఆపీమంటారా?"

ఆయన్ని ఏమనాలో నాలిక చివరిదాకా వచ్చింది. అంతలో పెద్ద తలుపు తెరుచుకుంది. అత్త. చంకలో కుర్చీ, చేతిలో చెగోడీల సంచి, ఆయాసం.

"ఓలె, సగం దారి ఎల్లి ఎనక్కి సూస్తే నువ్వు లేవు. నిన్నూ దిగబెట్టీసినారా?"

తల ఊపాను. అత్త స్టేజీ ఎక్కి నా పక్కన నిలబడింది. ఎప్పుడూ చెప్పనిది అప్పుడు చెప్పింది.

"ఆ రోజు జీపులో కూకుని నానేటి అనుకున్నానో తెలుసునా? అంతమంది ఎల్తన్నారు కదా, ఎవులో ఒకులు ఎనక్కి సూస్తారు అనుకున్నాను. మలుపు తిరిగీదాకా సూసినాను. ఎవులూ సూడ్లేదు." ముక్కు చీదింది. "లే. పద. ఆ తాడు పీకీ."

వైరు పీకేశాను. కీబోర్డు ప్లాస్టిక్ కుర్చీ మీద అడ్డంగా పెట్టి, ఆవిడొక పక్క, నేనొక పక్క పట్టుకుని మోసుకుంటూ బయల్దేరాం. అది మూగబోయిందనుకోండి, అయినా ఎవరికి కావాలి? వరండా దాటాం. అప్పుడు నాకు ఒక సంగతి తట్టింది. బయట వాయింపు దూరం అవటం లేదు. ఉన్నచోటే ఉంది.

గేటు దగ్గర మావయ్య నిలబడి ఉన్నాడు. ముందంతా రోడ్డు ఖాళీగా ఉంది. ఆయన మాత్రం రోడ్డుకి వీపు పెట్టి, హాలు తలుపు వైపు చూస్తూ, అదే మలుపు మళ్ళీ మళ్ళీ వాయిస్తున్నాడు. కాళ్ళు కదలటం లేదు. తాత కాళ్ళు కదలటం లేదు. ఎవరివీ కదలటం లేదు. తాళం మాత్రం ఎక్కడా తప్పటం లేదు. మేము ప్రాక్టీసులో కట్టిన తాళ్ళన్నీ, పేర్చిన ఇసుక బస్తాలన్నీ చెయ్యలేని పని.

అత్త కూడా చూసింది. కీబోర్డు తీసి నా చేతుల్లో పెట్టింది. కుర్చీ నడిరోడ్డు మీద వేసింది. కూర్చుంది. చీర సర్దుకుంది.

"కూకున్నాను. ఇంక వాయించు."

అటూ ఇటూ ఆటోలు, బస్సులు, స్కూటర్లు ఆగిపోయాయి. మొదట హారన్లు కొట్టారు, తర్వాత ఇంజిన్లు ఆపేశారు. మావయ్య ఆవిడ ఎదురుగా నిలబడి మొదట్నుంచీ చివరిదాకా వాయించాడు. అంత బాగా ఆయన ఒరిస్సాలో కూడా వాయించలేదు. అత్త చెగోడీల సంచి ముడి విప్పలేదు.

అయిపోయింది. చప్పట్లు కొట్టబోయిన జనం ఆవిడ ఏమంటుందోనని ఆగారు. అత్త లేచి కుర్చీ చంకలో పెట్టుకుంది.

"బాగున్నాది" అంది. "ఆ రోజు నన్ను కూడా రమ్మని ఒక్క కేక ఏసుంటే, ఇన్నేల్లూ ఎదురుగా కూకుని ఇనీదాన్ని కదా."

మావయ్య శాక్సఫోన్ కిందికి దించాడు. ఆమె చంకలోంచి కుర్చీ తీసుకుని తన భుజాన వేసుకున్నాడు.